మన టైము, వీధి టైము

పిట్ట ఇంకా లేవలేదు, చిన్నోడూ లేవలేదు. వాళ్ళిద్దరికీ తెల్లవారడానికి ఇంకా గంటసేపు ఉంది. బయట వీధిలో మాత్రం మధ్యాహ్నం రెండు దాటి ఎండ మాడ్చేస్తోంది. నేను వంటింట్లో పీట మీద కూర్చుని కాఫీకి నీళ్ళు పెట్టాలా వద్దా అని పొయ్యి వంక చూస్తున్నాను. ఇప్పుడే పెడితే వాళ్ళు లేచేసరికి మరిగి మరిగి ఇగిరిపోతాయి, పెట్టకపోతే చేతులకి పని లేదు, చేతులకి పని లేకపోతే నా బుర్ర ఊరుకోదు. వాడు లేవగానే నేను చెప్పాలి. పిట్ట నా మీద పెట్టింది ఆ పని. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా, ఇదిగో ఈ గుమ్మానికే ఆనుకుని, “ఇవాళ్టితో అయిపోయింది అమ్మమ్మా, రేపటినుంచి మేమందరం మామూలు టైముకే ఆఫీసుకి వెళ్ళాలి, తొమ్మిదింటికి, అందరిలాగా” అంది. మంచిదే కదే అన్నాను, నోటికి అదే వచ్చింది. అది నా వంక చూసి, కిందికి చూసి, “మావయ్యకి నేను చెప్పలేను. నువ్వే చెప్పు” అని హాల్లోకి వెళ్ళి, కుర్చీ ఎక్కి, పగటి వెలుతురు పడకుండా కిటికీకి మూడు నెలల కిందట కట్టిన నల్లగుడ్డ విప్పి మడతపెట్టి, ఏడుస్తోందో లేదో నాకు తెలియనీయకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది. అంత చదువు చదివిన పిల్ల, లోకంలో లేని లోకాన్ని చూసే పిల్ల, ఇంట్లో ఒక మాట చెప్పలేక నన్ను ముందుకు తోసింది. నేనేమైనా చెప్పగలనా? నాకు మాత్రం నోరెలా వస్తుంది?

పిట్ట నా కూతురి కూతురు, చిన్నోడు నా కొడుకు. వాళ్ళ ఆఫీసు ఈ ఊళ్ళోనే కాబట్టి మాతోనే ఉంటోంది. దాని ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే బండి నడుపుతుందని చెబుతాను, ఏ రూట్లో అని అడుగుతారు, అంగారకుడి మీద అంటాను, నవ్వుతారు. నేనూ మొదట్లో నవ్వాను. ఆ ఎర్ర చుక్క మీద ఆరు చక్రాల బండి ఒకటి దిగింది, ఇవాళ ఏ రాయి పక్కనుంచి పోవాలో, ఎక్కడ ఆగి ఫొటో తీయాలో దానికి ఇక్కడినుంచి వీళ్ళు చెప్పాలి. చెప్పిన మాట అక్కడికి చేరడానికే మన కాఫీ చల్లారిపోయేంత సేపు పడుతుందట. అందుకని అప్పటికప్పుడు పక్కకి తిప్పు అంటే కుదరదు, బండి పడుకున్నాక దాని మర్నాటి పనంతా ఆలోచించి పంపించాలి. బండికి అక్కడ పొద్దుగూకితే వీళ్ళకి ఇక్కడ డ్యూటీ ఎక్కుతుంది. అక్కడా తెల్లవారుతుంది, అక్కడా పొద్దుగూకుతుంది, కాకపోతే ఆ నేల తన చుట్టూ తాను తిరగడానికి మనకంటే కాస్త నిదానం, మన రోజు మీద ఇంకో నలభై నిమిషాలు, రమారమి. ఆ నలభై నిమిషాలను విడిగా ఎక్కడో పారేయరు, వాళ్ళ రోజునీ ఇరవై నాలుగు గంటలుగానే కోస్తారు, గంటని అరవై నిమిషాలుగానే కోస్తారు, ఒక్కొక్క ముక్కా వెంట్రుకవాసి లావుగా వస్తుంది, అంతే. రొట్టె పెద్దదైనా ముక్కలు అన్నే. ఇది పిట్ట నాకు రొట్టె కోసి మరీ చూపించింది. “అంటే అమ్మమ్మా, ఇవాళ ఎనిమిదింటికి డ్యూటీ అయితే రేపు ఎనిమిదీ నలభైకి, ఎల్లుండి తొమ్మిదీ ఇరవైకి, అలా జరిగిజరిగి అర్ధరాత్రి అవుతుంది, మళ్ళీ జరిగిజరిగి పగలవుతుంది. కొత్తగా దిగిన బండి కదా, మూడు నెలలు దాని టైముకే మేమూ బతకాలి. తిండీ నిద్రా అన్నీ. నీకు అర్థం కావడం కష్టంలే.”

నేను గిన్నె తోముతున్నదాన్ని తోమడం ఆపి ఎంత నవ్వానో. ఇది నాకు చెబుతున్నావుటే, మీ మావయ్య ఎన్నో ఏళ్ళుగా అలాగే కదుటే బతుకుతున్నాడు అన్నాను. పిట్ట రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. ఏమన్నావు అమ్మమ్మా, మళ్ళీ చెప్పు అంది. చెప్పాను. ఇవాళ పొద్దున లేస్తే రేపు కాస్త పొద్దెక్కాక లేస్తాడు, ఎల్లుండి ఇంకా ఎక్కాక, రెండు వారాలు తిరిగేసరికి మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి, నెల దాటి ఇంకొన్నాళ్ళకి మళ్ళీ చక్కగా కోడితో పాటు లేస్తాడు, నువ్వు సెలవులకి వచ్చినప్పుడల్లా మావయ్య ఎప్పుడూ నిద్రపోతాడేంటి అని అడిగేదానివి, అదీ సంగతి అన్నాను. అది లేచి నా భుజాలు పట్టుకుంది, చేతికి రొట్టె పొడి. గదిలోంచి చిన్నోడి గొంతు, “నేనెప్పుడో చెప్పాను, నేనీ లోకం వాణ్ణి కాదు, నన్నెవరో ఇక్కడ దింపేసి పోయారని. అమ్మే నమ్మలేదు.” ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ నాకెందుకో కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

వాడికి నాలుగేళ్ళప్పుడు జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాయి. మసగ్గా కనబడటం కూడా లేదు, దీపం ముఖం దగ్గర పెట్టినా తెలియదు, వేడి తెలుస్తుంది అంతే. నడక మళ్ళీ నేర్చుకున్నాడు, ఇంట్లో ఏ మూల ఏది ఉందో వేళ్ళతో నేర్చుకున్నాడు, కానీ నిద్ర ఒక్కటి ఎక్కడో తప్పిపోయింది. సంతలో నా కొంగు వదిలేసిన పిల్లాడిలా ఇవాళ ఇక్కడ కనబడితే రేపు ఇంకోచోట. ఈ మధ్య పిట్ట తీసుకెళ్ళిన డాక్టరు చెప్పాడు, ఒంట్లో ఒక గడియారం ఉంటుందట, దానికి పొద్దు పొడిచిందని కళ్ళు కబురు మోస్తాయట, కబురు మోసేవాళ్ళు లేక వాడి గడియారం తన ఇష్టానికి తాను నడుస్తోందట. మాత్రలు ఇచ్చాడు, నెల రోజులు బాగానే ఉంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. ఆ కాలంలో ఇవన్నీ ఎవరికి తెలుసు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. తొలి బస్సు ఆయనదే, ఆయన హారను విని ఆ దారిలో వాళ్ళు పొయ్యి రాజేసుకునేవాళ్ళు. నిమిషం ఆలస్యమైతే కండక్టరును కూడా వదిలేసి పోయే మనిషి, ఆయన కడుపున ఈ పిల్లాడు పుట్టాడు. “కళ్ళు పోయినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరా, వాళ్ళు లేవట్లేదా” అని ఆయన గుమ్మంలో నిలబడి అరిచేవాడు. ఒకసారి చెంబెడు నీళ్ళు ముఖాన కొట్టాడు. పిల్లాడు లేచి కూర్చుని, తడి తుడుచుకోకుండా, “లేచాను నాన్నా. ఇప్పుడేం చేయమంటావు?” అన్నాడు. కూర్చునే మళ్ళీ నిద్రపోయాడు. ఆయన చెంబు తీసుకెళ్ళి బిందె మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ నీళ్ళు పోయలేదు, వాడి గది తలుపు ముందు హారను కొట్టినట్టు గొంతు సవరించుకుని డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

పెద్దయ్యాక పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. గొంతులు గుర్తుపట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు, తల్లిని వెతుక్కుంటూ ఫోన్ చేసినవాడి గొంతు రెండోసారి వింటే పేరు అడక్కుండా ఆ వార్డుకి కలిపేసేవాడు. అందరూ మెచ్చుకున్నారు, రెండు వారాలు. ఆ తర్వాత బోర్డు మీద తల పెట్టి పడుకుని దొరికాడు. మళ్ళీ రెండు వారాలు బాగున్నాడు, మళ్ళీ పడుకున్నాడు. సూపర్వైజరు నన్ను పిలిపించి, “పదిహేను రోజులు బంగారమమ్మా మీవాడు, పదిహేను రోజులు బియ్యం బస్తా. బస్తాకి జీతం ఇవ్వలేను కదా” అన్నాడు. ఆయన తప్పు లేదు. అక్కడ పనిచేసే ఒకమ్మాయి ఆదివారాలు సాయంత్రం వచ్చి వీడితో కూర్చుని కబుర్లు చెప్పేది, వచ్చినప్పుడల్లా మల్లెపూల వాసన ముందు వచ్చేది, వాడు చొక్కా మార్చుకుని కూర్చునేవాడు. కొన్ని ఆదివారాలు మెలకువగా ఉన్నాడు, కొన్ని ఆదివారాలు ఆ పిల్ల వచ్చి, లేపొద్దండీ అని, వాడి మంచం పక్క కుర్చీలో కాసేపు కూర్చుని, వెళ్ళిపోయింది. ఎంతకాలమని వస్తుంది. నేను ఆ పిల్లని నిందించలేదు, వాడూ ఒక్కమాట అనలేదు, ఆదివారం చొక్కా మార్చుకోవడం మానేశాడు, అంతే. వాళ్ళ నాన్న పోయే ముందు మాత్రం వాడి టైము పనికొచ్చింది. ఆయనకి రాత్రిళ్ళు నొప్పి, నిద్ర పట్టదు, ఆసుపత్రిలో అందరూ పడుకున్నాక ఒక్కడే మూలుగుతుండేవాడు. అప్పుడు వీడికి రాత్రే పగలు. మంచం పట్టె పట్టుకుని కూర్చుని రాత్రంతా తండ్రికి పాత రూట్లో స్టాపులన్నీ వరసగా చెప్పించేవాడు. తెల్లారి నేను వెళ్తే ఆయన, “ఈసారి వాడి టైమూ నా టైమూ కలిశాయే” అన్నాడు. జన్మలో ఒక్కసారి కలిశాయి ఆ తండ్రీకొడుకులకి.

ఈ మూడు నెలలు మాత్రం, నేను ఎవరికి చెప్పుకోను, ఇల్లు ఇల్లులా ఉంది. మొదట్లో చిన్నోడు పిట్టకంటే కాస్త వెనకాల ఉండేవాడు, తర్వాత దాని చప్పుళ్ళకీ దాని పిలుపులకీ వాడి ఒళ్ళు కూడా సర్దుకుంది, ఇద్దరూ ఒకే వేళకి లేవడం, ఒకే వేళకి తినడం, ఒకే వేళకి ఆవలించడం. “మావయ్యా, లే, బండి పడుకునే వేళయింది!” “బండికేం, పగలంతా ఎండ తాగింది. నాకు కాఫీ కావాలి.” “ఇవాళ నీకంటే బండే నయం, చెప్పిన వేళకి లేచింది.” “దానికి పెళ్ళి సంబంధం చూడు మరి.” ఇలా ఉండేవి వాళ్ళ మాటలు. వాళ్ళిద్దరూ దాన్ని మన టైము అనేవాళ్ళు, బయట అందరిదీ వీధి టైము. ఇవాళ వీధి టైము ఎంతయింది అమ్మమ్మా అని నన్నడిగేవాళ్ళు, నేనేదో సరిహద్దులో కాపలా మనిషిని అయినట్టు. ఆఫీసులో పనైపోయాక అది వచ్చి వాడికి ఆ రోజు ఫొటోలో చూసినవన్నీ చెప్పేది, ఏ రాయి ఏ జంతువులా ఉందో, ఇసుక మీద చక్రాల గుర్తులు ఎలా పడ్డాయో. ఒకరోజు అక్కడి గాలి చప్పుడు పట్టి పంపిందట బండి, దాన్ని ఫోన్లో వినిపించింది. ఎవరో పక్క వాటాలో పల్చటి గుడ్డ దులుపుతున్నట్టు ఉంది నాకు. వాడు మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అని అన్నం చల్లారిపోయేదాకా విన్నాడు. పిట్ట ఒక గోడ గడియారం తెచ్చి హాల్లో మా గడియారం పక్కనే తగిలించింది, అది అంగారకుడి సెకన్లు కొడుతుంది. వాడు రెండింటి కిందా కుర్చీ వేసుకుని కూర్చుని, “అమ్మా, విను, ఇప్పుడు రెండూ ఒక్క అడుగు వేశాయి. ఇదిగో కొత్తది వెనకబడింది. ఇంకా వెనకబడింది. ఆగు ఆగు, ఇదిగో మళ్ళీ కలిశాయి” అనేవాడు. నిమిషం తిరక్కుండానే ఒకసారి కలిసేవి అవి. నాకు వినబడేది కాదు, వాడి ముఖం చూస్తే తెలిసేది.

ఇంతకీ నా దిగులు వాడికి చెప్పడం గురించి కాదు. చెప్పడం ఒక్క నిమిషం. ఈ మూడు నెలలూ పిట్ట వాడితో తింటోంది కాబట్టి నేను రాత్రిళ్ళు పడుకున్నాను, కడుపునిండా నిద్రపోయాను, నా మోకాళ్ళ నొప్పి కూడా చాలావరకు నెమ్మదించింది. దానికి ముందు ఎన్నేళ్ళు, వాడు రాత్రి రెండింటికి తెల్లారిందని లేస్తే నేను రెండింటికి లేచాను, అన్నం వేడి చేశాను, ఎదురుగా కూర్చున్నాను. తినడానికి వాడికి నా సాయం అక్కరలేదు, పళ్ళెంలో ఏది ఎక్కడుందో వాడి వేళ్ళకే తెలుసు. మాట్లాడే మనిషి కావాలి. అందరూ పడుకున్న ఇంట్లో ఒక్కడే కూర్చుని నమిలే చప్పుడు తనకే వినబడుతుంటే మనిషికి ముద్ద దిగుతుందా? నా కూతురు ఫోన్లో, “అమ్మా, నువ్వు నీ ఒంటి సంగతి చూసుకో, వాడు చిన్నపిల్లాడా” అంటుంది. చిన్నపిల్లాడైతే ఈ దిగులెందుకు, పెద్దవాడవుతాడులే అనుకునేదాన్ని. నా తర్వాత వాడితో మెలకువగా ఎవరుంటారు? ఈ ఒక్క ప్రశ్న. ఎంత పెద్ద ఊరు ఇది, ఎన్ని కిటికీలు, ఎంతమంది మనుషులు, వాడు లేచే వేళకి లేచేవాళ్ళు ఒక్కరూ లేరు. దొరక్క దొరక్క ఒక తోడు దొరికింది, అదీ ఆకాశంలో ఏదో బండి పుణ్యాన, ఇప్పుడు అదీ పోతోంది. బండి మాత్రం దాని టైములోనే ఉంటుందట, రోజూ దాని పొద్దుకే లేస్తుందట, మనుషులు రెండు రోజుల పని ఒక్కసారే చెప్పి ఇంటికి పోతారట, దానికి అలవాటైపోయిందట. పొద్దున పిట్ట ఇది చెబుతుంటే ఆ బండి మీద నాకు జాలేసింది. ఇనుముకి అలవాటవుతుందేమో.

గది తలుపు చప్పుడైంది. నీళ్ళు పెట్టనే లేదు నేను. లేచేలోపే వాడు హాల్లోకి వచ్చాడు, ఉత్త కాళ్ళతో, ఎప్పటిలా గోడని వేలి కొసతో రాసుకుంటూ. నాలుగో అడుగులో ఆగిపోయాడు. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద పలకలా పరుచుకుని ఉంది, వాడి కుడికాలు దాని మీద పడింది. మూడు నెలలుగా అక్కడ నేల చల్లగా ఉండేది. కాలు తీయలేదు. రెండో కాలు కూడా తెచ్చి దాని పక్కనే పెట్టి, ముఖం కాస్త ఎత్తి నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను.

“విప్పేసిందా?” అన్నాడు.

“పొద్దునే విప్పింది.”

“రేపట్నుంచా?”

“రేపట్నుంచే. తొమ్మిదింటికి ఆఫీసట.”

“పాపం దానికి నిద్ర చాలక బుగ్గలు పీక్కుపోయుంటాయి. మంచిదే.” వచ్చి నా ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. జుట్టు నెరిసింది వీడికి, ఎప్పుడు నెరిసింది. “నిన్ను చెప్పమందా? పిరికిది.”

“నాకేం భయం. నేనుండగా నీకు తోడు లేకపోవడమేంటిరా, ఎప్పట్లాగే నేను లేస్తాను” అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

“వద్దమ్మా.”

“ఏంటి వద్దు?”

“నువ్వు లేవొద్దు. నువ్వు కూడా వీధి టైముకి పో.”

“చాల్లే, పొద్దున్నే మొదలెట్టకు.”

“పొద్దున్నే కాదు, మూడయిందమ్మా మీకు.” నవ్వాడు. నేను నవ్వలేదని తెలిసి ఆపాడు. చెయ్యి చాచి గాల్లో వెతికి నా మోకాలు పట్టుకున్నాడు, నొప్పి ఉన్న మోకాలే. “విను. వారం పది రోజులు పోతే నేను లేచే వేళకి మీరు పక్కలు వేసుకుంటారు. వేసుకోండి. నేనెక్కడికి పోతాను, జరుగుతూ జరుగుతూ మూడు వారాలు దాటేసరికి మళ్ళీ మీ తెల్లవారుజాముకి వచ్చేస్తాను. ఆ నాలుగు రోజులూ ముగ్గురం కలిసి తిందాం. మిగతా రోజులు నేను తింటాను.”

“ఒక్కడివేనా? ఎలా తింటావురా?”

“అదే నేర్చుకోవాలి. నువ్వు పోయాక ఎలాగూ ఒక్కణ్ణే తినాలి కదమ్మా. నువ్వుండగానే నేర్చుకోనీ. రాకపోతే పిలవడానికి నువ్వుంటావు.”

ఆ మాట ఎన్నాళ్ళనుంచి వాడి లోపల ఉందో. నేను నా దిగులు నాదే అనుకుంటున్నాను, వాడి ముందు దాన్ని ఎప్పుడూ పైకి తీయలేదు, గిన్నెల చప్పుడులో దాచేశాను, వాడు గిన్నెల చప్పుడులోనే విన్నాడు కాబోలు. కాఫీ నేను పెడతాను లేరా అన్నాను. ఇవాళ నేనే పెట్టుకుంటాను, నువ్వు అలా బయట కూర్చో, కాస్త గాలి తగులుతుంది, తలుపు దగ్గరికి వేసి వెళ్ళు అన్నాడు. మంట జాగ్రత్త అన్నాను. జాగ్రత్త అన్నాడు. పాల గిన్నె ఎడం పక్క అన్నాను. తెలుసమ్మా అన్నాడు. తలుపు దగ్గరికి వేశాను.

వచ్చి వీధి గుమ్మం మెట్ల మీద కూర్చున్నాను. తలుపు నా వీపుకి తగులుతోంది. మెట్టు కాలుతోంది, గాలీ లేదు ఏమీ లేదు. లోపల అగ్గిపుల్ల గీశాడు, మొదటిది వెలగలేదు, రెండోది వెలిగింది. గిన్నె పెట్టాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు, నేను లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. పాలు పొంగిన వాసన రాలేదు, సమయానికే దించాడు. గ్లాసు పెట్టిన చప్పుడు, పీట జరిపిన చప్పుడు. ఆ తర్వాత, ఇంట్లో మనిషి ఉన్నట్టు కాక, ఇల్లే మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు, వాడు ఊది ఊది తాగడం.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఏంటి పిన్నిగారూ, ఇంత ఎండలో మెట్ల మీద కూర్చున్నారు? లోపల ఎవరూ లేరా?”

“మనవరాలు పడుకుంది. మావాడు కాఫీ తాగుతున్నాడు.”

“అయ్యో, మీరిక్కడుంటే ఎలా? ఒక్కడేనా?”

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

“ఒక్కడే” అన్నాను.